గర్భసంచి ఆపరేషన్‌కు లేని భయం హార్మోన్ చికిత్సకు ఎందుకు?

విజయవాడ సూర్యారావుపేటలోనూ, గుంటూరు కొత్తపేటలోనూ స్త్రీల వైద్యుల ఆసుపత్రులు వీధివీధికీ కనిపిస్తాయి. చుట్టుపక్కల జిల్లాల నుంచి రోజూ ఎందరో తెల్లవారుజామునే బస్సెక్కి వచ్చి ఓపీ చీటీ రాయించుకుని వరండాలలో కూర్చుంటారు. కాన్పులకు, సంతానం కోసం, గర్భసంచిలో గడ్డలకు, అధిక రక్తస్రావానికి ఈ రెండు పేటల్లో దొరకని వైద్యం దాదాపు లేదు. అయినా నలభై అయిదు దాటిన స్త్రీ వచ్చి, ఒంట్లోంచి ఆవిర్లు లేస్తున్నాయనీ, అర్ధరాత్రి చెమటతో మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టడం లేదనీ, కీళ్లు పట్టేస్తున్నాయనీ, ఊరికే కోపమూ ఏడుపూ ముంచుకొస్తున్నాయనీ చెప్పుకుంటే, ఆమెకు చాలాసార్లు దక్కేది కాల్షియం బిళ్లలు, ఒక నిద్రమాత్ర, 'ఈ వయసులో ఇవి మామూలేనమ్మా' అన్న ఓదార్పు. ముట్లుడిగే వయసులో తగ్గిపోయే స్త్రీ హార్మోన్లను మందుగా ఇచ్చే హార్మోన్ చికిత్స మాట ఎత్తితే క్యాన్సర్ వస్తుందేమోనన్న భయం గదిలోని అందరినీ ఒకేసారి పట్టుకుంటుంది. అదే స్త్రీకి నెలసరి అస్తవ్యస్తమై రక్తస్రావం ఎక్కువైనప్పుడు 'పిల్లలు పుట్టేశారు కదా, సంచి తీసేస్తే బాధ వదిలిపోతుంది' అన్న సలహా వస్తే మాత్రం ఇంటిల్లిపాదీ డబ్బు సర్దుబాటు చేసుకుని ఒప్పుకుంటారు. ఈ రెండు భయాల మధ్య ఉన్న తారతమ్యం వైద్యశాస్త్రం చెప్పేదానికి సరిగ్గా తలకిందులుగా ఉంది.

ఈ మాట ఊహించి చెప్పేది కాదు. 2015–16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తొలగించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, దేశంలోనే అది అత్యధికం. 2019–21 సర్వేలోనూ పరిస్థితి పెద్దగా మారలేదు. ఈ ఆపరేషన్లలో ఎక్కువ భాగం ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరిగాయి, చాలామందికి నలభై నిండకముందే జరిగాయి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో ఇవి ఎంతగా పెరిగాయంటే, ఆ పథకం కింద ఈ ఆపరేషన్‌ను ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయవలసి వచ్చింది. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లపై దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పునిస్తూ, కేంద్ర ఆరోగ్యశాఖ రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది.

ఈ లెక్కలకూ ముట్లుడిగే వయసు వైద్యానికీ సంబంధం నేరుగా ఉంది. గర్భసంచితో పాటు రెండు అండాశయాలనూ తీసేస్తే ఆ స్త్రీకి ముట్లుడగడం ఏళ్ల మీద మెల్లగా జరగదు. ఆపరేషన్ జరిగిన కొద్ది రోజుల్లోనే అండాశయాలు తయారుచేసే ముఖ్యమైన స్త్రీ హార్మోన్ ఈస్ట్రోజెన్ పడిపోయి, ఆవిర్లూ నిద్రలేమీ తీవ్రంగా మొదలవుతాయి. అండాశయాలను ఉంచినా, గర్భసంచి తీయించుకున్నవారిలో అవి కొంత ముందుగానే పనిచేయడం మానేసే అవకాశం ఎక్కువ. నెలసరి ఎలాగూ రాదు కాబట్టి అవి ఎప్పుడు ఆగాయో ఆ స్త్రీకి తెలిసే దారి ఉండదు. నలభై అయిదుకు ముందే ఈస్ట్రోజెన్ కోల్పోయినవారికి ఎముకలు పలచబడటం, గుండెజబ్బు ముప్పు పెరగడం అన్న రెండు పెద్ద నష్టాలు ఉంటాయి. అందుకే, రొమ్ము క్యాన్సర్ వంటి అడ్డంకులు లేనంతవరకు, ఇలాంటివారికి సహజంగా ముట్లుడిగే వయసు వచ్చేదాకా ఈస్ట్రోజెన్ ఇవ్వాలని అంతర్జాతీయ మార్గదర్శకాలన్నీ చెబుతున్నాయి. ముప్పై ఎనిమిదేళ్లకు అండాశయాలు తీసేసి, కుట్లు విప్పి, ఐరన్ మాత్రలు రాసి ఇంటికి పంపడం సగంలో ఆపేసిన వైద్యమే. తన అండాశయాలు ఉన్నాయో లేవో తెలియని స్త్రీలు మన ప్రాంతంలో ఎందరో ఉన్నారు. డిశ్చార్జి సమ్మరీలో 'బీఎస్ఓ' అన్న మూడక్షరాలు ఉంటే రెండు అండాశయాలనూ తొలగించారని అర్థం. ఆ కాగితం బీరువాలోంచి తీసి చూసుకోవడం, లేకపోతే ఆపరేషన్ చేసిన ఆసుపత్రిని నకలు అడగడం, హార్మోన్ చికిత్స గురించి ఆలోచించే ఏ స్త్రీకైనా మొదటి పని.

సహజంగా ముట్లుడిగే స్త్రీల సంగతి కొంత వేరు. పన్నెండు నెలలు వరుసగా నెలసరి రాకపోతే ముట్లుడిగినట్టు లెక్క. పాశ్చాత్య దేశాల్లో అది సగటున 51 ఏళ్లకు జరిగితే, మన దేశంలో 46–47 ఏళ్లకే జరుగుతుంది. కానీ బాధలు అంతకు నాలుగైదేళ్ల ముందే, నెలసరి ఇంకా వస్తూ పోతూ ఉండగానే మొదలుకావచ్చు. ఆ దశలో ఈస్ట్రోజెన్ ఒక తీరుగా తగ్గదు. ఒక నెల పెరిగి, మరో నెల పడిపోయి, ఒడిదుడుకులకు లోనవుతుంది. మెదడులో శరీర ఉష్ణోగ్రతను నియంత్రించే హైపోథాలమస్‌లోని కొన్ని నాడీకణాలు ఈస్ట్రోజెన్ అదుపు లేక అతిగా చురుకవుతాయి. మామూలుగా శరీరం పట్టించుకోని చిన్నపాటి వేడిని కూడా అవి పెద్ద వేడిగా లెక్కగట్టి, చర్మంలోని రక్తనాళాలను విప్పారజేసి చెమట పట్టిస్తాయి. మెడ, ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, కొద్ది నిమిషాల తర్వాత చలి పుట్టడం దీనివల్లనే. అమెరికాలో స్త్రీలను ఏళ్ల తరబడి పరిశీలించిన ఒక పెద్ద అధ్యయనంలో ఈ ఆవిర్లు సగం మందిలో ఏడేళ్లకు పైగా కొనసాగినట్టు తేలింది. ఏడాది ఓపిక పడితే పోతాయన్న నమ్మకానికి ఆధారం లేదు.

మే నెలలో ఎండ 45 డిగ్రీలకు చేరువయ్యే విజయవాడలో ఈ లక్షణాన్ని గుర్తించడమే కష్టం. గుంటూరు మిర్చి వ్యాపారాన్ని ఆనుకుని, ఘాటు గాలిలో కూర్చుని రోజంతా తొడిమలు తీసే కూలీ స్త్రీలకు చెమటలూ మంటలూ పనిలో భాగమే అనిపిస్తాయి. డిసెంబరు రాత్రి కూడా దుప్పటి తన్నేసి చెమటతో లేవడం, అదీ పక్కన పడుకున్నవారికి ఏ ఉక్కా లేనప్పుడు జరగడం, ఇది వాతావరణం వల్ల వచ్చినది కాదని చెప్పే గుర్తు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా దడ, చెమట వస్తాయి. రక్తహీనత ఉన్నా నీరసం, ఆయాసం వస్తాయి. కాబట్టి టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్, షుగర్ పరీక్షలు చేయించడం సమంజసం. అయితే నలభై అయిదు దాటి, నెలసరి క్రమం తప్పి, ఆవిర్లు వస్తున్న స్త్రీకి ముట్లుడిగే దశ అని తేల్చడానికి ఎఫ్ఎస్‌హెచ్ వంటి హార్మోన్ పరీక్షలు అవసరం లేదు. ఈ దశలో ఆ విలువ వారం వారం మారుతుంది కాబట్టి ఒక్క పరీక్ష ఏమీ తేల్చలేదు. నలభైలోపు నెలసరి ఆగిపోయినవారికి మాత్రం ఆ పరీక్ష తప్పనిసరి. వయసు అడగకముందే, బాధ వినకముందే 'హార్మోన్ ప్రొఫైల్' ప్యాకేజీ రాసిచ్చే చోట పరీక్షలు ఎందుకో అడిగే హక్కు రోగికి ఉంది.

హార్మోన్ల మీద భయం ఎక్కడి నుంచి వచ్చిందో వివరంగా చూడాలి, ఎందుకంటే ఆ భయం పూర్తిగా నిరాధారం కాదు. అమెరికాలో 50–79 ఏళ్ల వయసున్న 16,608 మంది స్త్రీలపై జరిగిన విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ పరిశోధనలో, ఈస్ట్రోజెన్‌నూ, ప్రొజెస్టిన్‌నూ (ప్రొజెస్టిరాన్ అనే మరో స్త్రీ హార్మోన్‌లా పనిచేసే మందు) కలిపి ఇచ్చిన విభాగాన్ని 2002 జులైలో అర్ధాంతరంగా ఆపేశారు. పదివేల మంది స్త్రీలు ఒక సంవత్సరం పాటు మందు వాడితే, రొమ్ము క్యాన్సర్ వచ్చేవారు 30 నుంచి 38కి, పక్షవాతం వచ్చేవారు 21 నుంచి 29కి పెరిగినట్టు, తుంటి ఎముక విరిగేవారు 15 నుంచి 10కి తగ్గినట్టు ఆ ఫలితాలు చూపాయి. పత్రికల్లో వచ్చింది మాత్రం శాతాల లెక్క. రొమ్ము క్యాన్సర్ ముప్పు 26 శాతం పెరిగిందని చదివిన వారెవరికీ అది పదివేలకు ఎనిమిది మంది అని తోచలేదు. ప్రపంచమంతటా వైద్యులు చీటీలు రాయడం మానేశారు. మన దగ్గర ఈ చికిత్స అప్పటికే అరుదు, మొలకెత్తకముందే వాడిపోయింది.

ఆ పరిశోధనలో పాల్గొన్న స్త్రీల సగటు వయసు 63. అంటే చాలామందికి ముట్లుడిగి పదేళ్లు దాటాక మందు మొదలుపెట్టారు. వాడినవి గుర్రపు మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజెన్లు, మెడ్రాక్సీప్రొజెస్టిరాన్ అనే కృత్రిమ ప్రొజెస్టిన్. గర్భసంచి లేనివారికి ఒక్క ఈస్ట్రోజెన్ మాత్రమే ఇచ్చిన రెండో విభాగాన్ని 2004లో పక్షవాతం ముప్పు వల్ల ఆపారు గానీ, వారిలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. దీర్ఘకాలపు పరిశీలనలో తగ్గింది కూడా. గర్భసంచి తీయించుకున్న స్త్రీలు ఇంతమంది ఉన్న రాష్ట్రంలో ఈ ఒక్క వాస్తవం ఎంత విలువైనదో వేరే చెప్పనక్కర్లేదు. ఆ తర్వాతి ఏళ్లలో స్థిరపడిన అభిప్రాయం ఏమిటంటే, అరవై లోపు వయసులో గానీ, ముట్లుడిగిన పదేళ్లలోపు గానీ మొదలుపెడితే, ఆవిర్లు బాధపెడుతూ, అడ్డంకులు లేని ఆరోగ్యవంతురాలికి మేలు నష్టాన్ని మించుతుంది. 2025 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందుల పెట్టెల మీద రెండు దశాబ్దాలుగా ఉన్న తీవ్ర హెచ్చరికను చాలావరకు తొలగించే ప్రక్రియను ప్రకటించింది. దాని అర్థం ముప్పు సున్నా అని కాదు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి ఏళ్ల తరబడి వాడితే రొమ్ము క్యాన్సర్ అవకాశం స్వల్పంగా పెరుగుతుంది, వాడిన కాలాన్ని బట్టి ఆ పెరుగుదల ఉంటుంది. నోటి ద్వారా తీసుకునే ఈస్ట్రోజెన్ కాలేయం గుండా వెళ్లి రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది.

ఇక్కడే మందు రూపం ముఖ్యమవుతుంది. చర్మానికి రాసుకునే ఎస్ట్రడియాల్ (ఒక రకం ఈస్ట్రోజెన్) జెల్ నేరుగా రక్తంలో కలుస్తుంది కాబట్టి గడ్డకట్టే ముప్పు పెరిగినట్టు కనిపించలేదు. లావుగా ఉన్నవారికీ, బీపీ ఉన్నవారికీ, మైగ్రేన్ ఉన్నవారికీ మాత్ర కంటే అదే మేలు. మాత్రగా వాడేవారికి ఒకటి, రెండు మిల్లీగ్రాముల ఎస్ట్రడియాల్ వాలరేట్ చిరకాలంగా దొరుకుతోంది. గర్భసంచి ఉన్న స్త్రీకి ఒక్క ఈస్ట్రోజెన్ ఇస్తే గర్భసంచి లోపలి పొర మందమై క్యాన్సర్‌కు దారితీయవచ్చు. అందుకని ప్రొజెస్టిరాన్ తోడుగా ఉండి తీరాలి. నెలసరి ఇంకా వస్తూ ఉంటే నెలకు పన్నెండు నుంచి పద్నాలుగు రోజులు, ఆగి ఏడాది దాటితే రోజూ ఇస్తారు. సహజ రూపంలోని ప్రొజెస్టిరాన్ గుళికనో, డైడ్రోజెస్టిరాన్ మాత్రనో ఎంచుకోవచ్చు. ప్రొజెస్టిరాన్ గుళిక కొంత మగత తెస్తుంది కాబట్టి రాత్రి పడుకునే ముందు వేసుకుంటే నిద్రకూ సాయపడుతుంది. ప్రొజెస్టిన్‌ను కొద్దికొద్దిగా విడుదల చేసేలా గర్భసంచిలో అమర్చే మిరెనా అనే చిన్న సాధనం మరొక దారి. అది ఈ పొరను కాపాడటంతో పాటు, ఈ వయసులో వచ్చే అధిక రక్తస్రావాన్నీ బాగా తగ్గిస్తుంది. ఆపరేషన్ తప్ప మార్గం లేదని విన్న స్త్రీలలో చాలామందికి ఈ సాధనం పేరు కూడా ఎవరూ చెప్పి ఉండరు. ఆ మాట చెప్పకుండా తీసుకున్న ఆపరేషన్ అంగీకారాన్ని పూర్తి అంగీకారం అనలేం.

హార్మోన్ అంటే భయపడే ఇళ్లలోనే మరో హార్మోన్ ఎంత అలవోకగా వాడుతున్నారో గమనించాలి. ఇంట్లో వ్రతం ఉన్నా, పెళ్లి ఉన్నా, తిరుపతి ప్రయాణం ఉన్నా నెలసరి వాయిదా వేసే నోరెథిస్టిరాన్ మాత్రలు మందుల షాపులో చీటీ లేకుండా కొని, రోజుకు మూడు చొప్పున మింగడం మన కుటుంబాల్లో తరతరాల అలవాటు. అదీ హార్మోనే, అదీ డాక్టరు చీటీ మీదే అమ్మవలసిన మందే. పూజ కోసం, అత్తగారి మాట కోసం వాడే హార్మోన్‌కు ఎవరూ అభ్యంతరం చెప్పరు. ఆ స్త్రీ తన నిద్ర కోసం, తన ఎముకల కోసం హార్మోన్ అడిగినప్పుడే 'వయసైపోయాక ఇవన్నీ ఎందుకు' అన్న ప్రశ్న వస్తుంది. ఈ ప్రశ్న వైద్యం నుంచి వచ్చింది కాదు; స్త్రీ సుఖానికి ఇంట్లో ఇచ్చే విలువ నుంచి వచ్చింది.

ప్రైవేటు వైద్యంలోని ఆర్థిక ఏర్పాటు కూడా ఈ అసమతుల్యాన్ని పెంచి పోషిస్తోంది. ముట్లుడిగే దశలో ఉన్న స్త్రీ సమస్య అర్థం కావాలంటే కనీసం ఇరవై నిమిషాలైనా వినాలి. ఆమె తల్లికీ అక్కచెల్లెళ్లకీ ఏ జబ్బులున్నాయో, కాలిలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉందో, బీపీ ఎంతో, ఆమె దేనికి భయపడుతోందో అడగాలి. దానికి వచ్చేది కొన్ని వందల ఓపీ రుసుము మాత్రమే. ఆపరేషన్‌కైతే గది అద్దె, థియేటరు, మత్తు వైద్యుడు, మందులు అన్నీ కలుస్తాయి. చాలా ఆరోగ్య బీమా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బు చెల్లిస్తాయి, ఓపీ ఖర్చు చెల్లించవు. అంటే బీమా ఉన్న కుటుంబానికి సైతం లక్ష రూపాయల ఆపరేషన్ ఉచితంగా కనిపిస్తుంది, నెలనెలా వచ్చే మందుల బిల్లు బరువుగా కనిపిస్తుంది. ఏ ఒక్క డాక్టరు నిజాయితీనీ శంకించనవసరం లేదు; మంచి డాక్టరు కూడా అరవై టోకెన్లు ముందు పెట్టుకుని ఈ సంభాషణ జరపలేరు. టోకెన్ తీసుకునేటప్పుడే 'ముట్లుడిగే వయసు సమస్యల గురించి మాట్లాడాలి, కాస్త సమయం కావాలి' అని చెప్పి, రద్దీ తక్కువగా ఉండే సాయంత్రం వేళ అడగడం కొంతవరకు పనిచేస్తుంది. పాత రిపోర్టులు, వాడుతున్న మందుల చీటీలు, రెండు మూడు వారాల పాటు ఆవిర్లు ఎన్నిసార్లు వచ్చాయో రాసుకున్న కాగితం వెంట తీసుకెళ్తే ఆ కొద్ది నిమిషాలూ వృథా కావు.

హార్మోన్లు కూడని వారు ఉన్నారు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు, కారణం తేలని రక్తస్రావం ఉన్నవారు, తీవ్రమైన కాలేయ వ్యాధి ఉన్నవారు, గుండెపోటో పక్షవాతమో వచ్చినవారు, కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవారు ఈ జాబితాలో వస్తారు. వారికి వెన్లాఫాక్సిన్, గాబాపెంటిన్ వంటి వేరే మందులు ఆవిర్లను కొంతవరకు తగ్గిస్తాయి. ఇక ముట్లుడిగి ఏడాది దాటిన తర్వాత ఒక్క చుక్క రక్తం కనిపించినా, హార్మోన్ వాడుతున్నా వాడకపోయినా (చికిత్స మొదలైన తొలి నెలల్లో వచ్చే కొద్దిపాటి మరకలు తప్ప), స్కానింగ్‌లో గర్భసంచి లోపలి పొర మందం చూడాలి. అది 4 మిల్లీమీటర్లకు మించితే ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఈ విషయంలో ఆలస్యం పనికిరాదు. 'పేగులో వేడి' అని మజ్జిగ తాగి ఊరుకున్న రోజులు ప్రాణం మీదికి తెచ్చిన సందర్భాలు ఉంటాయి.

అందరికీ చెప్పవలసి ఉండి ఎవరూ చెప్పనిది యోని పొడిబారడం గురించి. సిగ్గు వల్ల స్త్రీలు దీన్ని మూత్రంలో మంటగా చెబుతారు, డాక్టరు యాంటీబయాటిక్ రాస్తారు, నెల తిరక్కుండా మంట మళ్లీ వస్తుంది, ఈసారి ఇంకా ఘాటైన యాంటీబయాటిక్ వస్తుంది. ఈస్ట్రోజెన్ తగ్గి యోని, మూత్రమార్గపు పొరలు పలచబడటమే చాలామందిలో మూలకారణం. తక్కువ మోతాదు ఈస్ట్రియాల్ (మరో రకం ఈస్ట్రోజెన్) క్రీమును మొదట రెండు వారాలు రోజూ, తర్వాత వారానికి రెండుసార్లు లోపల రాసుకుంటే మంట, దురద, కలయికలో నొప్పి తగ్గుతాయి, మాటిమాటికీ వచ్చే మూత్ర ఇన్ఫెక్షన్లు కూడా తగ్గుతాయి. రక్తంలో కలిసేది అతి స్వల్పం కాబట్టి దీనికి తోడుగా ప్రొజెస్టిరాన్ అక్కర్లేదు, డెబ్బై ఏళ్ల వృద్ధురాలు కూడా వాడుకోవచ్చు. ఆవిర్లు కాలంతో తగ్గినా ఈ సమస్య తనంతట తాను తగ్గదు.

అవిసె గింజలు, సోయా, శతావరి తినడంలో తప్పేమీ లేదు గానీ, తీవ్రమైన ఆవిర్లను అవి ఆపుతాయనడానికి గట్టి ఆధారాలు లేవు. చర్మం కింద అమర్చే హార్మోన్ గుళికలు, 'మీ ఒంటికి తగ్గట్టు' ప్రత్యేకంగా కలిపిన క్రీములు అంటూ యవ్వనాన్ని అమ్మే క్లినిక్కులకు దూరంగా ఉండటం మంచిది. వాటిలో మోతాదు ఎంతో కచ్చితంగా తెలియదు, ఎక్కువైతే వెనక్కి తీసే వీలుండదు.

చికిత్స మొదలైతే నాలుగు నుంచి ఆరు వారాల్లో ఆవిర్లు తగ్గడం కనిపిస్తుంది. మూడు నెలలయ్యాక డాక్టరును కలిసి మోతాదు సరిచూసుకోవాలి, ఆ తర్వాత ఏడాదికొకసారి బీపీ, రొమ్ము పరీక్ష, తగిన వయసులో మామోగ్రామ్ చేయించుకోవాలి. మొదటి కొన్ని నెలల్లో కొద్దిపాటి రక్తపు మరకలు, రొమ్ముల్లో సలపరం సాధారణం. వాటిని చూసి మందు తనంతట తాను ఆపేయడం కంటే ఫోను చేసి అడగడం మేలు. ఇది గర్భనిరోధక మందు కాదు, కాబట్టి యాభై లోపు నెలసరి ఆగినవారు రెండేళ్లు, యాభై దాటినవారు ఏడాది జాగ్రత్త పడాలి. ఇన్నేళ్లే వాడాలన్న కచ్చితమైన గడువు లేదు. ప్రతి ఏడాదీ అవసరాన్నీ ముప్పునీ తూచి నిర్ణయించుకోవాలి.

మామూలు మాత్రల ఖర్చు నెలకు వందల్లోనే ఉంటుంది, జెల్‌కు అంతకంటే ఎక్కువ అవుతుంది. అది కూడా భారమయ్యేవారికి గుంటూరు, విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లోనూ, మంగళగిరి ఎయిమ్స్‌లోనూ స్త్రీల వైద్య విభాగాలున్నాయి. పెద్ద ఆసుపత్రి అంటే ఆపరేషన్లకూ కాన్పులకూ మాత్రమే అనుకునేవారు అక్కడి ఓపీలో ఆవిర్ల గురించీ, నిద్ర గురించీ, పాత ఆపరేషన్‌లో అండాశయాలు పోయిన సంగతి గురించీ నోరు తెరిచి అడగవచ్చు. ప్రైవేటులో గర్భసంచి తీయాలని చెప్పినవారు అక్కడ రెండో అభిప్రాయం తీసుకోవడానికీ అదే చీటీ సరిపోతుంది.